ఆ నాలుగు అక్షరాలున్న మాట

జూన్ 9, సోమవారం

కారవాన్ పాయె.

పొద్దుగాల పదిన్నరకు ఎదురు మార్కెట్టుల చీరలమ్మే పార్టీ వాట్సాప్ స్టేటస్‌ల పెట్టిండు. ఎనిమిది చీరలు, డబ్బా మీద బంగారు అక్షరాలతోని కారవాన్. నేను ఎతికి తీసిన మాట. మా డబ్బాలు ఇంకా ప్రింటుకు కూడ పోలే.

సేఠ్ జయంతిభాయి నన్ను తిట్టలే. ఇంగ్లీషుల మాటలకు కరువొచ్చిందా బేటా అని మాత్రం అడిగిండు. తిట్టినా బాగుండు. ఊర్మిళక్క కంప్యూటర్ ముంగట కూసొని తను చేసిన డబ్బా డిజైన్ మొత్తం డిలీట్ కొట్టింది. పది రోజుల పని. ఇద్దరం మధ్యాహ్నం సద్ది ఇప్పలే.

ఇంటికొస్తే అమ్మ మొదలువెట్టింది. కట్టుకునే చీరకు పేరెందుకే, అదేమన్న బర్రెనా పిలిస్తే పలుకుతందుకు అని. వంద సార్లు చెప్పిన. ఎనిమిది చీరలు కలిపితే ఒక కేటలాగ్. కేటలాగ్‌కు ఒక ఇంగ్లీషు పేరు. వరంగల్ దుకాణమైనా నాగ్‌పూర్ దుకాణమైనా ఆ పేరుతోనే ఆర్డర్ పెడతరు. పేరు హిట్టయితే మాల్ హిట్టు. అందుకే మాల్ బయటికొచ్చేదాక పేరు దాచుకుంటరు. సూరత్‌ల చీరను ఎవడన్నా కాపీ కొడతడు, పేరు ముందుగాల ఎవడు పెడితే వానిదే.

మా సేఠ్‌కు ఇంకో తిప్పలు. కతర్‌గామ్‌ల జాతకాలు చూసే ఒక మహారాజ్ ఉన్నడు. సేఠ్ మనుమడు పుట్టిన గడియ చూసి, ఈ సీజన్ మూడు కేటలాగుల పేర్లల్ల నాలుగు అక్షరాలు ఉండాలె అన్నడట. వి, ఎ, ఆర్, ఎన్. ముందుండనీ వెనకుండనీ, నాలుగూ ఉండాలె. ఒకటి తక్కువైనా మాల్ గోడౌన్ల మురుగుతదట. ఆ నాలుగు అక్షరాలున్న మాటలు ఎతుకుడే నా నౌకరీ. చెప్తే నవ్వుతరు.

ఈ డైరీ తెలుగుల ఎందుకు రాస్తున్న అంటే, ఇంగ్లీషుల రాస్తే ఆఫీసోళ్ళు చదువుతరు, హిందీల రాస్తే మేముండే లింబాయత్ గల్లీ మొత్తం చదువుతది. తెలుగైతే మా ఇంట్లోల్లే చదవాలె. అమ్మకు రాదు. బాపు నాలుగో తరగతి, బజ్జీలు కట్టిచ్చిన పేపర్ ఒక్కో అక్షరం కూడబలుక్కుంట చదువుతడు, నూనె మరక ఆరేదాక. ఇంత లావు నోట్‌బుక్కు ఆయన ముట్టడు.

జూన్ 10, మంగళవారం

ఫోన్ల ఒక సైటున్నది. అక్షరాలు కొడితే అవి ఉన్న మాటలన్ని ఇస్తది. నాలుగు కొట్టిన. వందల మాటలు కక్కింది.

సర్వెంట్. వెటరన్. వార్నిష్. ఇంటర్వెల్. ఏది చీరకు పెడతవ్? వైన్‌యార్డ్ మంచిగుండె, ద్రాక్షతోట. మందు బందున్న గుజరాత్‌ల ఉండి వైన్ పేరు పెడతావా, పోలీసోళ్ళు డబ్బాలు ఇప్పి చూస్తరు అని సేఠ్ చెయ్యి ఊపిండు. కార్నివోర్ చూసి ఇది భారీగున్నది గదా అని మురిసిండు. మాంసం తినే జంతువు అని చెప్పిన. జైనుడు ఆయన. రామ రామ అనుకుంట నీళ్ళు తాగిండు.

అన్‌రావెల్ అని ఒకటి వచ్చింది. పోగు పోగు విప్పుడు. ఊర్మిళక్క పడి పడి నవ్వింది, చీరమ్మే దుకాణంల గా పేరు పెడితే మంచి శకునం అని.

లావెండర్, నిర్వాణ, వైబ్రెంట్, ఇవి మార్కెట్టుల గల్లీకి నలుగురు పెట్టుకున్నరు. సైటుల పైన కనపడేటివన్ని అయిపోయినయ్. ఇగ నా ఎర్రట్ట డిక్షనరీ తీయాలె. ఒక్కో పేజీ, వేలు పెట్టుకుంట.

జూన్ 13, శుక్రవారం

దొరికింది! వర్బీనా.

ఒక పువ్వు. చిన్న చిన్నయి, గుత్తులు గుత్తులు, ఊదా రంగు. నాలుగు అక్షరాలూ ఉన్నయ్. మార్కెట్టుల ఎవనికీ లేదు, గూగుల్ల మూడు సార్లు చూసిన. సేఠ్ రెండు సార్లు పలికి చూసిండు. నోట్లె తియ్యగుంది అన్నడు. ఊర్మిళక్క అప్పటికప్పుడు ఊదా పూలతోని డబ్బా గీసింది. ఇద్దరం తలుపు పెట్టుకొని పని చేసినం, చాయ్ కూడ తలుపు బయటే తీసుకున్నం.

సాయంత్రం బాపు కార్ఖాన నుంచి వచ్చి కాళ్ళు కడుక్కున్నడు. రోజు అడిగినట్టే అడిగిండు, బిడ్డా ఇయ్యాల మాట దొరికిందా అని. ఆయనకు ఇది అన్నం కన్న ముందు కావాలె. కంచంల నీళ్ళు చిలకరించి వేలుతో రాసి చూపెట్టిన. ఏడు అక్షరాలు. చూసుకుంట చూసుకుంట తను కూడ రాసిండు. ఒక్కసారికే.

బాపుకు ఇంగ్లీషు రాదు. కాని అక్షరాలు వచ్చు. ముప్పై ఏండ్ల సంది సాంచెల మీద, కరెంటు మగ్గాల మీద, బట్ట అంచుకు పార్టీల పేర్లు నేసిండు. ఏ అక్షరం ఏందో చదవలేడు, గని ఒక్క గీత వంకర పోయినా ఆడికెళ్ళి ఈడికి కనిపెడతడు. సిరిసిల్లకెళ్ళి వచ్చిన కొత్తల ఒక పార్టీ పేరుల ఎస్ ఉల్టా పడ్డదట. నూట ఇరవై మీటర్లు నేసినంక ఈయనే పట్టిండట. ఆ కథ నేను పుట్టినకాడికెళ్ళి వింటున్న.

దానర్థం ఏందని అడిగిండు. పువ్వు అన్న. పువ్వులకెళ్ళి నా బిడ్డ మాటలు తెంపుతది అన్నడు అమ్మతోని. నాకు సిగ్గయింది. సంబురం కూడ అయింది, ఎందుకు అబద్ధం.

జూన్ 19, గురువారం. మధ్యాహ్నం 12:40

వర్బీనా పోయింది.

అదే పార్టీ. అదే పేరు. ఊదా పూలు కూడ.

 కారవాన్ అంటే ఎవనికన్నా తోస్తది అనుకున్నం. వర్బీనా ఎట్ల తోస్తది? డిక్షనరీల వెయ్యిన్ని చిల్లర పేజీ దాక పోతెగని దొరకని మాట.

సాయంత్రం 6:15

 సేఠ్ తన గదిల కూసొని బయటికి రాలే. ఊర్మిళక్క నా దిక్కు చూస్తది, నేను చూసేసరికి స్క్రీన్ దిక్కు తిప్పుకుంటది. నేను కూడ అదే చేస్తున్న. ఛీ.

పేరు తెలిసినోళ్ళం ముగ్గురమే. సేఠ్, అక్క, నేను.

జూన్ 20, శుక్రవారం

సేఠ్ దీపం ముట్టించిండు. గల్లా పక్కన లక్ష్మీదేవి ఫోటో కింద. మార్కెట్టుల ఏదన్న పోతే ఇట్లనే చేస్తరు, పోలీసు స్టేషన్‌కు పోరు. దీపం మీద చెయ్యి పెట్టి చెప్పాలె.

మొదలు ఊర్మిళక్కను పిలిచిండు. అక్క చెయ్యి పెట్టింది. నేను పేరు బయటికి ఇయ్యలే అన్నది. గొంతు జర జీరపోయింది. ఎవలకైనా పోతది, తప్పు చెయ్యనోళ్ళకే ఎక్కువ పోతది. గని సేఠ్ దాన్ని గుర్తు పెట్టుకున్నడని నాకు సమజైంది.

తర్వాత నేను. నా గొంతు కొంచెం కూడ జీరపోలే. నేను బయట ఎవలకూ చెప్పలే. పైకెళ్ళి ఎవలూ అడుగకున్నా ఇంకో మాట కలిపిన, మా బాపు మీద ఒట్టు అని. నాకేం భయం? దీపం వేడి అరచేతికి తాకింది, అంతే.

జూన్ 21, శనివారం

ఊర్మిళక్కను ఎళ్ళగొట్టిండ్రు.

అక్క మేనమామ కొడుకు ఉధ్నా దిక్కు డబ్బాలు ప్రింటు చేసే ప్రెస్సుల పని చేస్తడట. ఎవలో సేఠ్ చెవిల ఊదిండ్రు. మా డబ్బాలు ఆ ప్రెస్సుకు ఎన్నడూ పోలే. గని చుట్టమున్నడు గదా, చాలు. సేఠ్ అరవలే. రేపటికెళ్ళి రావద్దు బేన్ అన్నడు. బేన్, అంటే చెల్లె, అనుకుంటనే.

అక్క టేబుల్ మీదున్న పిల్లల ఫోటో, నీళ్ళ సీసా సంచిల పెట్టుకుంది. నన్ను ఈ నౌకరీల పెట్టిచ్చిందే ఈమె. డిగ్రీ ఫెయిలై ఇంట్ల కూసుంటే, మా గల్లీ పిల్ల, డిక్షనరీ పిల్ల అని సేఠ్‌కు చెప్పి తీసుకొచ్చింది. పోయేటప్పుడు నా భుజం మీద చెయ్యి పెట్టి, నువ్వు జాగ్రత్త హారతీ అన్నది.

నేనేం చేసిన? ఏం చెయ్యలే. ఒక క్షణం నాక్కూడ అనుమానం వచ్చింది అక్క మీద. రాసుకుంటున్న, ఎందుకంటే నిజం.

జూన్ 23, సోమవారం

ఆ కుర్చీ ఖాళీగున్నది. సేఠ్ మూడో పేరు బుధవారంలోపు కావాలె అన్నడు. డబ్బా డిజైన్ బయట చేపిస్తడట. పేరు నాకు, ఆయనకే తెలవాలె. ఇది గూడ పోతే ఇంక ఎవలను అడుగాలె బేటా అని నవ్విండు. 

జూన్ 24, మంగళవారం

వెరాండా.

వి ఉన్నది, ఎ ఉన్నది, ఆర్, ఎన్ ఉన్నయ్. ఇంటి ముంగట అరుగు. సాయంత్రం చీర కట్టుకొని ఆడోళ్ళు కూసునే జాగ. సేఠ్‌కు మస్తు నచ్చింది. చిట్టీ మీద రాసిచ్చిన, చూసి చింపి చాయ్ కప్పుల వేసిండు.

బాపుకు పొద్దుగూకినంక చెప్పిన. కంచంల నీళ్ళతోని. ఇట్లాంటిది మనకు లేదు గదా బిడ్డా, మనది తలుపు తీస్తే మురికి నాలి అన్నడు. నవ్వినం.

జూన్ 25, బుధవారం. మధ్యాహ్నం 3:05

ఎట్ల రాయాలె.

ఒంటి గంటకు అమ్మ ఫోన్. బాపు బీపీ గోలీ మర్చిపోయి పోయిండు, ఫోన్ ఎత్తుతలేడు అని. సాంచెల మోతల ఫోన్ ఏం వినపడుతది. నాకు మొదలు గుర్తొచ్చింది నేను పెట్టిన ఒట్టు. దీపం మీద, బాపు మీద. ఏమీ కాలేదు, ఏమీ కాదు అనుకుంటనే షేరింగ్ ఆటో ఎక్కిన. ఇంటికాడ గోలీలు తీసుకొని కార్ఖానకు ఉరికిన.

చిన్నప్పుడు పోయేదాన్ని, మళ్ళ ఇన్నేండ్లకు ఇయ్యాలనే. నలభై సాంచెలు. లోపలికి పోతే నోరు పనికి రాదు, చేతులతోనే మాటలు. ఒకాయన వేలుతో చూపెట్టిండు, కనకయ్య కాకా, అంటే మా బాపు, సాంచె ఆ చివరన.

బాపు ఆడ లేడు. పక్క సాంచె మీద ఎవలికో తెగిన పోగులు అతుకుతుండె, ఈపు నా దిక్కుండె. ఆయనకేం కాలేదు. దేవుడా, బతికిన అనుకున్న.

సాంచె పక్కకు ఇనుప పలక ఉంటది. పోగులు చుట్టిన బీము నంబరు, ఎన్ని మీటర్ల బట్ట దిగింది, చాక్‌పీస్‌తోని దాని మీద రాస్తరు. బాపు పలక మీద బీము నంబరు కింద మూలకు చిన్నగున్నది. మిగిలిన పలకంత నా మాటలు. తారీఖులతోని సహ. ఇంగ్లీషు పెద్ద అక్షరాలు, అంచుకు నేసినట్టు సక్కగ, ఒక దాని కింద ఒకటి. కారవాన్. వైన్‌యార్డ్ కూడ. వర్బీనా. అన్నిటికన్న కింద, ఇయ్యాల్టి తారీఖుతోని, ఇంకా తెల్లగ కొత్తగ, వెరాండా.

నేను చున్నీతోని వెరాండా తుడిచేసిన. గీకి గీకి తుడిచిన.

తిరిగి చూస్తే బాపు నా ఎనుక నిలవడ్డడు. చేతులతోనే అడిగిండు, ఎందుకు అని. ఆయన చెవి కాడికి పోయి అరిచిన, తప్పు రాసినవ్ బాపూ అని.

తప్పు రాయలే. ఒక్క గీత తప్పు లేదు. నేనే నోటికొచ్చిన అబద్ధం చెప్పిన. ముప్పై ఏండ్లల్ల ఒక్క అక్షరం తప్పు పోనియ్యని మనిషికి. ఆయన మొఖం చిన్నగైంది. గోలీ ఏసుకొని నీళ్ళు తాగి, మళ్ళ పలక దిక్కే చూసుకుంట నిలబడ్డడు.

రాత్రి 8:30

తినుకుంట, ఏమీ ఎరగనట్టు అడిగిన. ఆ పలక మీద మాటలు ఎవలు చదువుతరు బాపూ అని.

సంబురంగ చెప్పిండు. ఇంకెవలు, మన సదానందం. జగిత్యాల దిక్కు పిలగాడు. ఎదురు మార్కెట్టు పార్టీకి తానులు చెక్ చేసేతందుకు శనివారం శనివారం వస్తడట. కాకా, ఈ మాట ఎక్కడిది అని అడిగిండట ఒకనాడు. నా బిడ్డది, సేఠ్ చీరలకు పేర్లు పెడతది అని ఈయన చెప్పిండట. అప్పటి సంది వచ్చినప్పుడల్ల పలక చూస్తడు, చాయ్ తాగిపిస్తడు. ఇంత చదువుకున్న బిడ్డ మా పద్మశాలోళ్ళల్ల ఎవలకున్నది అంటడు. మొన్నటి శనివారం ముందటి శనివారం ఫోటో కూడ తీసుకున్నడట. మా పిల్లలకు చూపెడత కాకా, బుద్ధొస్తది అని.

అమ్మ ఇంకొంచెం పప్పు ఏసింది. 

బయట ఎవలకూ చెప్పలే అని దీపం మీద చెయ్యి పెట్టిన. ఇంట్ల చెప్పుడు బయట చెప్పుడు ఎట్లయితది? బాపుకు చెప్పుడంటే నాకు నేను చెప్పుకున్నట్టే.

జూన్ 26, గురువారం

ఇయ్యాల మాట దొరికిందా అని అడిగిండు. లేదు బాపూ అన్న.

జూన్ 27, శుక్రవారం

లెక్క ఏసుకుంటున్న. సేఠ్‌కు నిజం చెప్తే ఏమైతది? బాపు పని చేసే కార్ఖాన మా సేఠ్ మాల్ కూడ నేస్తది. ఒక్క ఫోన్ చాలు, సాయంత్రానికి బాపును సాంచె మీదికెళ్ళి దింపుతరు. యాభై ఎనిమిదేండ్లు. కంటికి అద్దాలు. ఇంకో కార్ఖాన గేటు కాడ నిలబడనియ్యరు. పని పోవుడు ఒకటి. కనకయ్య కాకా పేర్లు అమ్ముకున్నడు అంటరు. లింబాయత్‌ల ఆ మాట పుట్టిందంటే సిరిసిల్ల దాక పోతది.

చెప్పకుంటే? ఊర్మిళక్క దొంగ.

మధ్యల దారి లేదు. రెండు దినాల సంది ఎతుకుతున్న. నాలుగక్షరాల మాటలు ఎతికి పెడత గని ఇది దొరుకుతలేదు.

జూన్ 28, శనివారం

ఇయ్యాల శనివారం. సదానందం వచ్చే రోజు.  బాపు చెప్పులిడవక ముందే అడిగిన. వచ్చిండట. కొత్త మాట లేదా కాకా అని అడిగిండట. నా బిడ్డ తుడిచేసింది, నేను తప్పు రాసిన అని బాపు చెప్పిండట. పలికి చెప్పినవా అంటే, నాకు నోరెక్కడ తిరుగుతది బిడ్డా, అన్నడు. చెప్పలే. అమ్మయ్య అనుకున్ననో లేదో తలుపు కొట్టిండ్రు.

ఊర్మిళక్క.

వారం రోజులల్ల మనిషి సగమైంది. ఇంకో రెండు దుకాణాలల్ల పని అడిగిందట. పేర్లు అమ్ముకున్న బేన్ నువ్వేనా అని మొఖం మీదనే అన్నరట. బడిల బిడ్డను కూడ ఎవలో అన్నరట. నౌకరీ ఇయ్యకున్న మంచిదే, ఆ మాట తీసేయమని సేఠ్‌కు చెప్పవా హారతీ, నీ మాట ఇంటడు అని నా చెయ్యి పట్టుకుంది. చెప్త అక్కా అన్న. చెప్పేదానిలెక్కనే అన్న.

బాపు మూలకు కూసొని అంత ఇన్నడు. ఆయనకు కండ్లల్ల నీళ్ళు తిరిగినయ్. అక్కకు మంచినీళ్ళిచ్చి, తల మీద చెయ్యి పెట్టి అన్నడు:

"ఏడ్వకు బిడ్డా. నీ నోటి కాడి బుక్క గుంజినోని చెయ్యి పడిపోను."

నేను లేచి వంటింట్లకు పోయిన. ఊకెనే కుక్కర్ మూత తీసి పెట్టిన.

జూన్ 29, ఆదివారం

వాన. ఖాడీ వాగు నీళ్ళు గల్లీ మొదటి దాక వచ్చినయ్. ఇంట్లనే ఉన్నం ముగ్గురం. బాపు పాత పేపర్ ముక్క మీద ఏదో గీసుకుంట కూసున్నడు. నేను దగ్గరికి పోతే చేతి కింద దాచిండు. నాకు కోపం వచ్చింది, ఎందుకో. పనికిరాని చిట్టీలన్ని ఇంట్ల జమ చేస్తవ్ అని కసిరిన. ఆ ముక్క మడిచి జేబుల పెట్టుకున్నడు.

ఆయన మీదనా నా కోపం? ఆయన నీళ్ళ రాతలు నమ్మిండు, చాయ్ తాగిపిచ్చినోన్ని నమ్మిండు. ఆ సదానందం దొరికితే వాని ఫోన్ తీసుకొని ఖాడీల పడేస్త.

జూలై 2, బుధవారం

వెరాండా రిలీజైంది. పేరు పోలే. పొద్దుగాల పదకొండుకు స్టేటస్ పెట్టినం, సాయంత్రానికి ఆర్డర్లకు ఫోన్ కింద పెట్టుతందుకు లేదు. సేఠ్ మహారాజ్‌కు కొబ్బరికాయ పంపిచ్చిండు. అందరికి దూద్‌పేడాలు పంచిండు. నా నోట్లె తనే పెట్టిండు.

పెట్టుకుంట అన్నడు, చూసినవా బేటా, ఆమె పోయింది, పేరు నిలిచింది. ఇగ సాక్ష్యం ఏం కావాలె?

 ఆ పలక మీద మాట తుడిచింది నేను. నేను తుడిచిన మాటే అక్క మీద ముద్రయింది. చున్నీకి ఇంకా చాక్‌పీస్ మరక ఉన్నది, రెండు సార్లు ఉతికినా.

ఇంతకు ముందు చెప్పకపోవుడు. ఇప్పుడు అట్ల కాదు. ఇప్పుడు నేనే చేసిన.

జూలై 3, గురువారం. మధ్యాహ్నం 12:10, మార్కెట్టు మెట్ల మీద

చెప్పిన.

తలుపు పెట్టి నిలబడి చెప్పిన. రెండు పేర్లు మా ఇంటికెళ్ళి పోయినయ్, ఊర్మిళక్క కాదు అని. సేఠ్ మొదలు నవ్విండు, స్నేహం కోసం చెప్తున్నవ్ అన్నడు. కాదని మళ్ళ చెప్పిన. ఇంట్ల ఎవలు అని అడిగిండు. చెప్పలే. నా నోరే అన్న. ఇంట్ల మాట్లాడినప్పుడు నా నోరు ఆగలే, గోడకు చెవులుంటయ్, అంతే రాసుకోండి అన్న.

సేఠ్ లక్ష్మీదేవి ఫోటో దిక్కు చూసిండు. దీపం మీద చెయ్యి పెట్టినవ్ గదా బేటా అన్నడు. అప్పుడు నాకు తెల్వదు సేఠ్ అన్న. అది నిజం. ఆయన నమ్మినట్టు లేదు.

డ్రా తాళంచెవి టేబుల్ మీద పెట్టిచ్చిండు. పో అన్నడు. నేను పోలే. అక్కకు నా ముంగటనే ఫోన్ చెయ్యాలె అన్న. ఎట్లొచ్చిందో అంత ధైర్యం. మూడు సార్లు చెప్పినంక చేసిండు. బేన్, గలతీ హో గయీ, తప్పయింది, సోమవారం రా అన్నడు. అవతల అక్క ఏమన్నదో నాకు వినపడలే.

మెట్లు దిగి ఈడ కూసున్న. గంటైంది. ఎండ కొడుతుంది, వాన పడుతుంది, రెండూ.

సాయంత్రం 7:40

ఆఫీసుల పని తక్కువైందట, కొన్ని దినాలు రావద్దన్నరు అని ఇంట్ల చెప్పిన. అమ్మ సేఠ్‌ను తిట్టింది. బాపు నా చున్నీ దిక్కు చూసిండు. నేను లోపలికి పోయిన.

జూలై 5, శనివారం

గల్లీల ఊర్మిళక్క ఎదురైంది. నిలబడ్డది. నా మొఖంలకు చూసింది. నేను ఏదన్న అంటనని చూసిందో, తిట్టుదామని చూసిందో. వారం ముందు నా చెయ్యి పట్టుకొని అడిగినప్పుడే నాకు తెలుసు అని ఆమెకు ఇప్పుడు సమజైంది. పక్కకు జరిగి పోయింది. పోనీ. 

సదానందం ఇయ్యాల కూడ వచ్చిండా అని బాపును అడుగుదామనుకున్న. అడుగలే.

బాపు కూడ మాట అడుగలే. ఇది మొదటిసారి. కాళ్ళు కడుక్కొని, తిని, గోడ దిక్కు తిరిగి పండుకున్నడు. నౌకరీ పోయిననాడు ఏడ్వలే. ఇయ్యాల ఏడుస్తున్న.

ఆదివారం

బిడ్డా, నేను. బాపును.

మొన్న రాత్రి నువ్వు, అమ్మ పండుకున్నంక నీ నోట్‌బుక్కు చదివిన. మూడు గంటలు పట్టింది. కొన్ని మాటలు సమజు కాలే. కావలసినవి అయినయి.

పలక నిన్ననే తడి గుడ్డతో తుడిచిన. ఊర్మిళ ఇంటికి పోయి చెప్పొచ్చిన. నేను కాళ్ళు మొక్కబోతే చేతులు పట్టుకున్నది. రేపు సేఠ్ తానకు పోత. ఆపకు. చెయ్యి పడిపోను అన్న గదా, ఆ చేత్తోనే రాస్తున్న.

ఆ వాననాడు పేపర్ మీద నేను గీసింది నువ్వు తుడిచిన మాటే. అరవై సార్లు గీసి చూసుకున్న. తప్పు ఎక్కడ పోయిందో తెల్వలే.

తప్పు రాయలే గదా బిడ్డా.